స్టూడియో అన్న తెల్లకణాలు

ఆయన పోయిన పొద్దున వాళ్ళావిడ నాకు ఫోన్ చేసింది. నేను అక్కా అని పిలిచే మనిషి. ఏడుపు దిగమింగుకుంటూ ముందు అడిగింది ఫోటో గురించే.

"మీ అన్న పొయినాడు పాపా. కిడ్నీలు ఇంగ పని చెయ్యవని డాక్టర్లు చెప్తానే ఉండారు, అట్నే అయింది. ఆయన ఫోటో ఒకటి నీ దగ్గర ఉండాదంట గదా, పంపిస్తావా? ఇంట్లో ఎంత ఎతికినా ఆధార్ కార్డులో ఉండే మొహం తప్ప ఇంకోటి దొరకలా."

తోటపల్లి గూడూరు సెంటర్లో ఊరికి కరెంటు సరిగ్గా లేని రోజుల నుంచి ఫోటో స్టూడియో నడిపిన మనిషికి సొంత ఫోటో లేదు. నా ఫోన్లో ఉన్నది మా ల్యాబులో నేను తీసింది. పంపాను. కాసేపటికి మళ్ళీ ఫోన్ మోగింది.

"ఇదేంది, కళ్ళు మూసుకోనుండాడే?"

"ఒక కన్నే అక్కా. రెండోది మైక్రోస్కోపు మీద ఉంది."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. "సర్లే, అదే పెడతాం. ఆయన మొహం అదే గదా," అంది.

మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆ ఫోటోను పెద్దది చేయించి శవపెట్టె ముందు నిలబెట్టారు. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే కొందరు కళ్ళు తెరిచి దాన్నే చూస్తున్నారు. పెళ్ళికో, పరీక్ష హాల్ టికెట్టుకో, పాస్‌పోర్టుకో వాళ్ళందరినీ ఎప్పుడో ఒకప్పుడు ఆయన స్టూలు మీద కూర్చోబెట్టినవాడే. ఒక ముసలామె అక్కను అడిగింది, ఏం చూస్తుండాడమ్మా అంత ఇదిగా అని. "తెల్లకణాలు," అంది అక్క, ఇంట్లో బియ్యం డబ్బా గురించి చెప్పినంత మామూలుగా. తర్వాత నా వైపు తిరిగి, "గుండె మటుకు ఆఖరి దాకా మాట విన్నది పాపా," అంది.

ఆయన పేరు ఇక్కడ రాయను. మా దగ్గర రక్తమిచ్చిన వాళ్ళ పేర్లు బయట పెట్టబోమని రాసిచ్చాం. ఆ మాట ఆయన పోయాక కూడా మాటే. పైగా ఆ చుట్టుపక్కల ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. బడిపిల్లల నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ ఆయన స్టూడియో అన్నే. నేను మొదటిరోజు అంకుల్ అంటే ఆయన చుట్టూ చూశాడు, ఎవర్నో పిలుస్తున్నాననుకుని.

నెల్లూరులో ఒక మెడికల్ కాలేజీలో అప్పుడు నేను ఒక పరిశోధనలో పనిచేస్తున్నాను. గుండెకు రక్తం తీసుకుపోయే నాళాల్లో కొవ్వు పేరుకున్నవాళ్ళకు కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర ఇస్తారు. అది రక్తంలో కొవ్వును తగ్గిస్తుందన్నది ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. మరి అదే రక్తంలో తిరిగే తెల్లకణాలను ఆ మాత్ర ఏం చేస్తుందన్నది పరిశోధన నడిపే మా సార్ ప్రశ్న. అందుకని మాత్ర మొదలు పెట్టక ముందు ఒకసారి, కొన్ని నెలలు వాడాక ఇంకోసారి రక్తం తీసుకుని రెంటినీ పోల్చి చూసేవాళ్ళం. సూది గుచ్చేదీ, కణాలను వేరు చేసేదీ, రంగు వేసి చూసేదీ నేనే.

ఆయన ఒక పెళ్ళిలో లైటు స్టాండు మోసుకుని వేదిక ఎక్కుతుంటే ఛాతీ బిగుసుకుపోయిందట. ఫోటోలు అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. పరీక్షలు చేస్తే రెండు నాళాలు ఇరుకయ్యాయని తేలింది. ఆపరేషన్ అవసరం లేదు, మందులతో చూద్దామన్నారు గుండె డాక్టరు గారు. ఇంకా ఏ మాత్రా మొదలు పెట్టలేదు కనుక మా దగ్గరికి పంపారు.

మనిషి పొడుగు, సన్నం. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. జేబులో లెన్సు తుడిచే పసుపు గుడ్డ మడత. నేను చేతికి రబ్బరు పట్టీ కడుతుంటే ఆయన నా మొహాన్ని తేరిపార చూస్తున్నాడు. నాకు ఇబ్బందిగా అనిపించి తలెత్తాను.

"గడ్డం రొంత దించు పాపా," అన్నాడు. "ఆఁ. ఇప్పుడు ట్యూబులైటు నీ కళ్ళజోడులో పడటం లేదు."

ఎవరితో మాట్లాడినా అంతే. సార్‌తో మాట్లాడుతూ కిటికీ తెర జరిపాడు. ఆస్పత్రి వరండాలో ఎదురు చూస్తున్న ముసలాయన్ని భుజం పట్టి కాస్త పక్కకు తిప్పి కూర్చోబెట్టాడు. ఆ ముసలాయన కూడా ఏమీ అనకుండా అలాగే కూర్చున్నాడు. ఇంకో అలవాటు, ఫోటో తీసేటప్పుడు నవ్వమని ఎవరికీ చెప్పడు. "నవ్వమంటే పళ్ళు చూపిస్తారు. నవ్వొచ్చేదాకా నిలబడతా. నాకేం తొందర," అనేవాడు. అక్క పక్కనుంటే, "అందుకే మన స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోకి పోయినోళ్ళు భోజనం టైముకి గానీ ఇంటికి రారు," అనేది.

సంతకం పెట్టే ముందు ఆయనకు అంతా చెప్పాలి. చెప్పాను. కొవ్వు నాళం గోడలో చేరుతుంది. దాన్ని శుభ్రం చేయడానికి తెల్లకణాలు గోడలోకి దూరతాయి. కొవ్వును మింగి మింగి ఉబ్బి, బయటికి రాలేక అక్కడే చిక్కుకుంటాయి. ఊరుకోకుండా ఇంకొన్నిటిని రమ్మని పిలుస్తాయి. అట్లా లోపల వాపు పెరుగుతుంది. మాత్ర కొవ్వును తగ్గించడమే కాక ఈ కణాల ఉద్రేకాన్ని కూడా చల్లబరుస్తుందా అన్నది మేము చూస్తున్నాం.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "నా కణాలు నాకు చూపిస్తావా?" అన్నాడు.

అట్లా అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. సార్‌ను అడిగితే నవ్వి, "ఆయన రక్తం, ఆయన కణాలు. చూపించు," అన్నారు.

మర్నాడు అక్కను కూడా తీసుకొచ్చాడు. కొవ్వు ఎర్రగా కనబడే రంగు వేసి పెట్టాను. ఆయన ఒక కన్ను మూసి, రెండో కన్ను అద్దానికి ఆనించి చాలాసేపు కదల్లేదు. నేను ఫోన్ తీసి ఫోటో తీసుకున్నది అప్పుడే. అద్దంలో ఒక్కో కణం కడుపులో ఎర్రటి చుక్కలు, కొన్నింట్లో కిక్కిరిసి.

"లైటు బాగలేదు," అన్నాడు ఆయన.

నేను వద్దనే లోపల కింద ఉన్న మరలు రెండు మూడు తిప్పేశాడు. బొమ్మ మాయమైంది. దాన్ని మళ్ళీ దారికి తెచ్చేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. తర్వాత తన పెద్ద కెమెరా తీసి అద్దం మీద పెట్టి ప్రయత్నించాడు. చుట్టూ నలుపు, మధ్యలో గుండ్రటి మసక. అక్క కుర్చీలో కూర్చుని, "ఇన్నేళ్ళలో ఈయన తీసిన ఫోటో చెడిపోగా ఇదే చూస్తుండా," అంది సంతోషంగా. చివరికి మైక్రోస్కోపుకు ఉన్న కెమెరాతోనే తీసి, సార్ అనుమతితో ఒక కాపీ ఇచ్చాను.

దాన్ని ఫ్రేము కట్టించి స్టూడియోలో పెళ్ళికూతుళ్ళ ఫోటోల మధ్య తగిలించాడు. ఎవరన్నా ఇది ఏ డిజైను అన్నా అని అడిగితే, "నా లోపల తీసింది," అనేవాడు. కణాలు చూసిన రాత్రి నుంచే మాత్ర మొదలు పెట్టాడు.

అన్నకు ఒక స్నేహితుడు ఉండేవాడు. రొయ్యల గుంటలు సాగు చేసేవాడు. బడిలో ఒకే బెంచీ. ఆయనకు అంతకు ముందే గుండెలో స్టెంటు వేశారు. అదే రకం మాత్ర ఆయనా వాడుతున్నాడు. సాయంత్రం పూట ఇద్దరూ గుంటల గట్టు మీద నడిచేవాళ్ళు. నీళ్ళలో గాలి కొట్టే చక్రాల చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినబడక ఇద్దరూ అరుచుకుంటూ మాట్లాడేవాళ్ళట. ఊళ్ళో వాళ్ళు పోట్లాడుకుంటున్నారనుకునేవాళ్ళు.

నెలలు గడిచి రెండోసారి రక్తం ఇవ్వడానికి అన్న వచ్చాడు. ఆ రోజు నా గడ్డం గురించి ఏమీ అనలేదు. మాత్ర రోజూ వేసుకుంటున్నారా అని అడిగితే తల ఊపాడు. మర్నాడు చూస్తే కణాల్లో ఎర్రచుక్కలు అట్లాగే ఉన్నాయి. రక్తంలో కొవ్వు కూడా దిగలేదు. మాత్ర అందరికీ ఒకేలా పని చేయదు కాబట్టి నేను పెద్దగా అనుమానించలేదు. ఈ మనిషికి పని చెయ్యలేదేమో అని రాసిపెట్టుకున్నాను.

వారం తిరగకముందే ఒక పొద్దున ఆస్పత్రిలో, గుండె జబ్బుల వార్డు బయట బెంచీ మీద ఆయన కనబడ్డాడు. చొక్కా నలిగి ఉంది. కాళ్ళకు బురద. ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. తనకే ఏదో అయిందనుకుని పరుగెత్తాను.

"నాక్కాదు," అన్నాడు. "వాడికి. గట్టు మీద కూలబడినాడు. లోపల చూస్తుండారు."

పక్కన కూర్చున్నాను. ఆయన జేబులోంచి పసుపు గుడ్డ తీసి చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"పాపా, నేను మాత్ర మింగలా. నీకు అబద్ధం చెప్పినా."

నేను ఆయన వైపు తిరిగాను.

"మొదట్లో మింగినా. తొడలు నొప్పి పుట్టినాయి. మెట్లెక్కితే పీకేది. సరే ఓర్చుకుందాంలే అనుకున్నా. ఇంతలో ఫోన్లో ఎవురో ఒక వీడియో పంపినారు. ఈ మాత్ర తెల్లకణాలను చంపుతుంది, తర్వాత చిన్న జ్వరం వచ్చినా మనిషి తట్టుకోలేడు అని. నువ్వు చెప్పిందే గుర్తొచ్చింది. కణాలను చల్లబరుస్తుందని చెప్పినావు గదా. చల్లబడటమంటే చావటమే అనుకున్నా. ఆపేసినా."

"నన్ను అడగొచ్చు కదన్నా."

"అడగాల్సింది. నేను ఆపితే నా వరకే అయ్యేది. వాడితో కూడా అన్నా, నువ్వు కూడా ఆపరా అని. వాడు డాక్టరు మాట కంటే నా మాట వింటాడు. వాళ్ళ ఇంట్లో ఏ పెళ్ళికైనా ముందు నన్నడిగి గానీ ముహూర్తం పెట్టరు." ఆయన గుడ్డను మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వాడు ఆ రోజే మాత్రలు తీస్కపోయి గుంటలో పారేసినాడు."

మాత్ర ఆపడం వల్లే ఇలా అయిందని ఎవరూ కచ్చితంగా చెప్పలేరని నేనన్నాను. అది నిజమే. ఆయన దాన్ని పట్టించుకోలేదు. తలుపు వైపే చూస్తున్నాడు. మధ్యాహ్నానికి డాక్టరు గారు బయటికొచ్చి, పాత స్టెంటుకు పైన ఇంకోచోట మూసుకుపోయిందనీ, తెరిచామనీ, మనిషి బాగున్నాడనీ చెప్పారు. అన్న లేచి నిలబడి ఆయనకు దణ్ణం పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నా రెండో ఫోటో మీ లెక్కలో కలిపినారా?"

"ఇంకా లేదు."

"కలపొద్దు. మాత్ర మింగినోడి ఫోటో అని రాస్తే తప్పు. ఆ మందు మీద లేనిపోని నింద పడుద్ది."

ఫోటోలకు మెరుగులు దిద్దడంలో ఆయన్ను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. మచ్చలు తీసేసేవాడు, మెల్లకన్ను సరిచేసేవాడు. చొక్కా కూడా సరిగ్గా లేని తాతలకు పోయాక కోటు తొడిగేవాడు. ఒకసారి ఒక అమ్మాయి బుగ్గ మీద పుట్టుమచ్చ తీసేస్తే, ఫోటో చూసి ఆ పిల్ల ఇది నేను కాదని ఏడ్చిందట. మళ్ళీ పెట్టి ఇచ్చాడు. "ఆ పొద్దు నుంచి అడక్కుండా ఎవురి మొహం మీదా చెయ్యి వెయ్యను," అని ఆ బెంచీ మీదే నాతో చెప్పాడు.

జరిగిందంతా సార్‌తో చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టి, "చల్లబరచడానికీ చంపడానికీ తేడా మనం సరిగ్గా చెప్పలేదన్నమాట. ఆయన్ని రేపు రమ్మను," అన్నారు.

మర్నాడు అన్న వచ్చాడు. తప్పు చేసిన బడిపిల్లాడిలా గుమ్మంలోనే నిలబడ్డాడు. సార్ ఆయన్ని కూర్చోమని, తన చొక్కా చెయ్యి పైకి మడిచి నా ముందు చాపారు.

"నేను ఈ మాత్ర వాడుతూ చాలా ఏళ్ళయింది. మా నాన్న గుండె జబ్బుతోనే పోయారు. తీయమ్మా నా రక్తం," అన్నారు.

నేను సార్‌కు ఎప్పుడూ సూది గుచ్చలేదు. మోచేతి దగ్గర నరం కోసం రెండుసార్లు తడిమాను. అన్న అది చూసి లేచొచ్చి టేబులు దీపాన్ని సార్ మోచేతి మీద పడేట్టు తిప్పి పట్టుకున్నాడు. నరం బాగా కనబడింది.

సార్ కణాలను వేరు చేసి గాజు పలక మీద వేశాను. బేకరీలో రొట్టె పొంగడానికి వేసే ఈస్టును ఉడకబెట్టి, రంగు వేసి, ఆ కణాల మీద పోశాను. ఈస్టు కూడా ఒక సూక్ష్మజీవే. ఒంట్లోకి వస్తే తెల్లకణాలు దాన్ని శత్రువు కిందే లెక్కేస్తాయి. వెచ్చటి పెట్టెలో ఉంచి ఒక గంట ఎదురు చూశాం. ఆ గంటా సార్, అన్న టీ తాగుతూ పాత కెమెరాల గురించి మాట్లాడుకున్నారు. సార్ పెళ్ళి ఫోటోలన్నీ రీలు ఇరుక్కుని పాడైపోయాయట. అన్న ఆ సంగతికి తెగ బాధపడ్డాడు. ఆ ఫోటోగ్రాఫరు ఎవరో కనుక్కోవాలన్నాడు.

తర్వాత అన్నను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాం. ఈసారి మరల జోలికి పోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని వంగాడు.

"ఏందిది, కడుపులో గుండ్లు మాదిరి?"

"ఈస్టు. మింగేసింది."

"ఇది కూడా మింగుతా ఉండాది. ఇదిగో ఇంకోటి, నోరు తెరిచింది."

"వాటికి నోరుండదన్నా."

"నాకు కనపడతా ఉంటే ఉండదంటావేంది." ఆయన తల ఎత్తలేదు. "అయితే ఇన్నేళ్ళు మాత్ర మింగినా సార్ కణాలు చావలా. పని చేస్తానే ఉండాయి."

"అదీ సంగతి," అన్నారు సార్. "వాటి పని అవి మానవు. నాళం గోడలో అవసరం లేని గొడవ చేయడం తగ్గిస్తాయి. అందరిలో ఒకేలా తగ్గదు. ఎంత తగ్గుతుందో చూడ్డానికే మేమున్నాం. తొడలు నొప్పి పుట్టడం మాత్రం నిజమే. కొందరికి వస్తుంది. దానికి ఆపేయడం కాదు, డాక్టరుకు చెప్పాలి."

అన్న నేరుగా గుండె డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన రక్తపరీక్ష చేయించి, కండరాలకు హాని ఏమీ లేదని చూసుకుని, మాత్ర మార్చి, తక్కువ మోతాదులో ఇచ్చారు. నొప్పి మళ్ళీ రాలేదు. ఆ రోజే అక్కడి నుంచి అన్న వార్డులోకి వెళ్ళి స్నేహితుడి మంచం పక్కన నిలబడి, మాత్ర ఆపమనడం తనదే తప్పనీ, మళ్ళీ వేసుకోమనీ చెప్పాడు. ఆ రొయ్యల గుంటల ఆయన మంచం మీద నుంచే అన్నాడట, "నువ్వు ఆపమంటే ఆపినా, మింగమంటే మింగుతా. ఈ తూరి మటుకు ఆ డాక్టరు నోటితో కూడా చెప్పించు." అన్న వెళ్ళి డాక్టరు గారి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

కొన్నాళ్ళకు, లెక్క కోసం కాదు, తన కోసం ఇంకోసారి కణాలు చూడాలన్నాడు. చూశాం. రక్తంలో కొవ్వు బాగా దిగింది. కణాల్లో ఎర్రచుక్కలు పలచబడ్డాయి. కానీ సూక్ష్మజీవుల్లాంటివి కలిపి రెచ్చగొట్టి చూస్తే ఆ కణాలు ఇంకా మామూలు వాళ్ళ కణాల కంటే ఎక్కువే ఉలిక్కిపడుతున్నాయి. మా దగ్గరికొచ్చిన చాలామందిలో అలాగే కనబడింది. కణాలను పుట్టించే ఎముక మజ్జ పాత గొడవను ఒక పట్టాన మరచిపోదేమోనని సార్ అనేవారు. నేను ఇది నిరాశగా చెప్పాను. అన్నకు నిరాశ కలగలేదు.

"తగ్గింది గదా. మిగిలింది నిదానంగా తగ్గుద్ది. లేదంటే అట్నే ఉంటుంది, మాత్ర మింగతా ఉంటా," అన్నాడు.

మా పరిశోధనను ఒక వైద్య పత్రిక కోసం రాసినప్పుడు, మాత్రకు ముందు తీసిన ఆయన కణాల ఫోటో అందులో ఒక బొమ్మగా పడింది. ఒక కాపీ చూపించడానికి స్టూడియోకు వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని పేజీ కిందా మీదా చూశాడు.

"నా పేరు లేదే."

"మీరు పేషెంటు అన్నా. పేరు పెట్టకూడదు."

"పేషెంటుగా వద్దులే. ఫోటో కింద పెట్టొచ్చుగా, ఫోటో ఫలానా స్టూడియో అని."

"ఫోటో తీసింది నేను."

అక్క లోపలి గదిలో కుట్టుమిషను ఆపి పగలబడి నవ్వింది. ఆయన పేజీ మడిచి నాకిచ్చి, "బాగా తీసినావు. కణాన్ని సరిగ్గా మధ్యలో పెట్టి ఉంటే ఇంకా బాగుండేది," అన్నాడు.

ఆ బెంచీ మీద కూర్చున్న రోజు తర్వాత ఆయనలో ఒకటి మారింది. ఇదివరకు ఎవరు ఏం అడిగినా సలహా చెప్పేవాడు. పెళ్ళిసంబంధం, పొలం బేరం, కడుపు నొప్పి, దేనికైనా. ఇప్పుడు ఒంటికి సంబంధించింది ఏదన్నా అడిగితే మటుకు, "నన్నడగొద్దు. పా, పోదాం," అని స్కూటరు తీసేవాడు. వెనక కూర్చోబెట్టుకుని నెల్లూరు దాకా తీసుకొచ్చి, ఓపీ చీటీ రాయించి, డాక్టరు గది బయట తోడుగా కూర్చునేవాడు. వాళ్ళు లోపలికి వెళ్ళేముందు చొక్కా కాలరు సరిచేసి పంపేవాడు. అలా ఎంతమందిని తెచ్చాడో. అప్పుడప్పుడూ మా ల్యాబు కిటికీ దగ్గర నిలబడి కొత్తమనిషికి లోపలికి చూపిస్తూ, "ఈ పాప దగ్గరే నా తెల్లకణాలు ఉండాయి," అనేవాడు. నేను వాటిని ఎప్పుడో పారేశానని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

మా నాన్న మనుబోలు దగ్గర వరి పండిస్తాడు. ఆయనకు కూడా ఆ ఏడే గట్టు మీద నడుస్తుంటే ఛాతీలో పట్టేసినట్టు అయింది. పరీక్షలు చేయించాను. నాళం ఇరుకైంది, మందులు వాడాలి అన్నారు. నాన్న మందులు తెచ్చుకున్నాడు గానీ ఆ అట్టలు అల్మారాలో చిరగకుండా అట్లాగే ఉన్నాయి. నేను ఎన్నో విధాలుగా చెప్పాను. బొమ్మ గీసి చూపించాను. మా అమ్మ అన్నంలో కలిపి పెడతానంది. నాన్న నా మీద కోప్పడలేదు కూడా. "నాకేమీ లేదమ్మా. నొప్పి పోయింది గదా. జబ్బు లేనోడికి మందెందుకు," అనేవాడు. పదిమందికి ఈ మాత్ర మీద పాఠం చెప్పేదాన్ని, కన్నతండ్రి చేత వేయించలేకపోయాను.

ఈ సంగతి అన్నకు ఎప్పుడో మాటల్లో చెప్పాను. ఒక ఆదివారం నేను మనుబోలులో ఉండగా ఇంటి ముందు స్కూటరు ఆగింది. ఉదయం ఆరాధన అయ్యాక అంత దూరం వచ్చాడు, చెప్పాపెట్టకుండా. ఇంతెండలో ఎందుకొచ్చారని అంటే, "మీ నాయన్ని చూడాలనిపించింది," అన్నాడు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, "పొలం చూపించన్నా," అని నాన్నను అడిగాడు.

ఇద్దరూ చేలోకి వెళ్ళారు. నేను వెంట పోబోతే, "నువ్వుండు పాపా," అన్నాడు. వరి అప్పుడు ఈనే ముందు పొట్ట మీద ఉంది. ఇంటి అరుగు మీద నుంచి వాళ్ళు కనబడుతూనే ఉన్నారు. నాన్న చెయ్యి చాపి ఏదో చూపిస్తున్నాడు. అన్న వంగి ఆకు పట్టుకుని చూస్తున్నాడు. చాలాసేపు మాట్లాడింది అంతా నాన్నే. బోరు దగ్గర కూర్చున్నారు. మళ్ళీ లేచారు. ఎండ వాలాక గానీ తిరిగి రాలేదు. వచ్చాక అన్న మాత్రల మాట ఎత్తనే లేదు. చేపల పులుసుతో అన్నం తిని, అమ్మ చేతి పులుసును మెచ్చుకుని, చీకటి పడకముందే వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే నాన్న తెల్లపంచె కట్టుకుని బయల్దేరాడు. హైవే మీద అన్న స్కూటరుతో నిలబడి ఉన్నాడట. ఇద్దరూ నెల్లూరు ఆస్పత్రికి పోయి, డాక్టరు గారిని కలిసి, మందుల చీటీ మళ్ళీ రాయించుకుని వచ్చారు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఇద్దరూ ఒకే స్కూటరు మీద హైవేలో పోయారని తెలిసి నాకు కోపం వచ్చింది. అన్నకు ఫోన్ చేసి తిట్టాను కూడా. "నిదానంగానే పొయినాం లే," అన్నాడు.

ఆ రోజు భోజనాలయ్యాక నాన్నను అడిగాను, నిన్న చేలో అంతసేపు ఆయన ఏం చెప్పాడని.

"ఏం చెప్పలా. మన బోరు ఎప్పుడు వేసింది, ఎరువు ఎంత వేస్తాను, అయ్యే అడిగినాడు. ఆఖర్న వాళ్ళ స్నేహితుడు గట్టు మీద పడిపోయిన సంగతి చెప్పినాడు. రేపు పోదాం పా అన్నాడు. సరే అన్నా."

"నేను చెప్తే విన్లేదు కదా నాన్నా."

నాన్న అట్ట చించి మాత్ర అరచేతిలో వేసుకున్నాడు. కాసేపు దాన్ని చూసి, నోట్లో వేసుకుని, చెంబెత్తి నీళ్ళు తాగాడు. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని లేస్తూ, "రేపు కాలవకు నీళ్ళొదులుతారంట. పొద్దున్నే మన చేలోకి మడవ తీయాల," అన్నాడు.